పాలు పితికే చేతికి నొప్పి వస్తే: పాడి పనిలో ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజామున నాలుగు గంటలకు మా అమ్మ మంచం దిగకముందే కుడి చేతిని పట్టె పక్కకు వేలాడదీసి, తడి దులుపుకున్నట్లు నాలుగైదుసార్లు విదిలించేది. ఆ తరువాతే లేచి, చెంబు, బకెట్టు తీసుకుని కొట్టంలోకి వెళ్లేది. కృష్ణా డెల్టాలోని మా ఇంట్లో అప్పట్లో మూడు గ్రేడెడ్ ముర్రా గేదెలు ఉండేవి, వాటి పాలు రెండు పూటలా ఆమే పితికేది. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నందువల్ల తిమ్మిరెక్కిందని ఆమె అనుకునేది, మేమూ అలాగే అనుకున్నాము. రెండేళ్ల తరువాత జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించని రోజున డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన మొదట అడిగిన ప్రశ్న రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటారా అన్నదే. మేము రోజూ చూస్తూ పట్టించుకోని ఆ విదిలింపే జబ్బుకు మొదటి గుర్తు.

ఆ రెండేళ్లు మాకు వృథా అయినట్లు మరొకరికి కాకూడదనే ఉద్దేశంతో, అప్పటి నుంచి డాక్టర్ల దగ్గర, ఫిజియోథెరపిస్టుల దగ్గర, పశువైద్యుల దగ్గర తెలుసుకున్నదీ, కొట్టంలో చేసి చూసినదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పాడి పనిలో చేతి నొప్పిని మందుతో అణచడం కన్నా, నొప్పి పుట్టించే పట్టును మార్చడం ముందు జరగాలి. పట్టు మారకుండా ఎన్ని మాత్రలు మింగినా నొప్పి తిరిగి వస్తుంది.

మొదటి అడుగు: నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏ పనిలో వస్తుందో వారం రోజులు రాసి పెట్టుకోండి

"చేతులు నొప్పులండీ" అని చెబితే ఏ డాక్టరుకైనా తెలిసేది చాలా తక్కువ. చేతిలో నొప్పి వచ్చే చోటును బట్టి, వేళను బట్టి జబ్బు మారిపోతుంది. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే పక్కన ఒక గీత గీసి, ఆ రోజు ఏ వేలికి తిమ్మిరి ఎక్కింది, ఏ పని చేస్తుండగా నొప్పి వచ్చింది, పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపటికి సాగాయి అన్న మూడు సంగతులు రాయండి. వారం తిరిగేసరికి కింద చెప్పిన వాటిలో ఏదో ఒకటి మీకే కనిపించడం మొదలవుతుంది.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉండి, రాత్రిపూట బాధ ఎక్కువవుతుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. మణికట్టు లోపల ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లలాంటి నారలూ, మీడియన్ నరమూ ఆ దారిలోనే వెళ్లాలి. రోజంతా పిడికిలి బిగించే పనిలో స్నాయువుల చుట్టూ వాపు వస్తే, అందులో అన్నిటికన్నా మెత్తనిదైన నరం నలుగుతుంది. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం అలాగే ఉంచినప్పుడు ఆ వేళ్లకు తిమ్మిరి ఎక్కితే అనుమానం బలపడుతుంది. షుగరు, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోనూ, గర్భిణుల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. గర్భిణుల్లో చాలామందికి కాన్పు తరువాత తగ్గిపోతుంది.

మణికట్టుకు బొటనవేలి వైపు నొప్పి వచ్చి, బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినంత లాగుతుంటే అది బొటనవేలి స్నాయువుల వాపు. బొటనవేలు మడిచి పితికే అలవాటు ఉన్నవారు, దూడను ఒంటిచేత్తో ఎత్తేవారు, తట్టను అంచు పట్టుకుని లేపేవారు దీని గురించి ముందుగా ఆలోచించాలి. వేలు ముడిస్తే మళ్లీ తెరుచుకోక, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకోవడం వేరే సమస్య. అరచేతిలో ఆ వేలి మొదట్లో స్నాయువు ఉబ్బి, తన గొట్టంలో ఇరుక్కోవడం వల్ల అలా జరుగుతుంది. సీసా మూత తిప్పినా, పలుపు ముడి బిగించినా బొటనవేలి మొదలు దగ్గర లోతుగా సలుపుతుంటే అక్కడి కీలు అరిగి ఉండవచ్చు. నడివయసు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ.

ఇక బిగుసుకుపోవడం. పొద్దున లేచాక వేళ్లు అరగంట లోపలే సాగితే, సాధారణంగా అది అరుగుదల వల్ల వచ్చే బిగువు. గంట దాటినా పిడికిలి ముడవలేకపోవడం, రెండు చేతుల్లోనూ ఒకే చోట వేళ్ల మొదటి కణుపులు వాచి మెత్తగా వేడిగా ఉండటం, ఆరు వారాలు గడిచినా తగ్గకపోవడం ఉంటే కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. పని తగ్గించుకోవడం, కాపడం పెట్టుకోవడంతో అది పోదు. ఆలస్యమైన కొద్దీ కీళ్లు వంకర తిరుగుతాయి కాబట్టి రుమటాలజిస్టును త్వరగా కలవాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి వేళ్ల కణుపులు బిగుసుకుంటాయి. 2006లో ఆ జ్వరం రాయలసీమ పల్లెలను చుట్టేసినప్పుడు పాలు పితకలేక ఇబ్బంది పడినవారి గురించి ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇటీవల జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండో అడుగు: పశువు నుంచి వచ్చిన నొప్పి కాదని నిర్ధారించుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, అందుకే విడిగా చెబుతున్నాను. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు గేదెలు, ఆవులు, మేకలు, గొర్రెల నుంచి మనిషికి సోకుతుంది. పశువు ఈసుకుపోయినప్పుడు, అంటే నెలలు నిండకముందే చూలు పోయినప్పుడు, పడిన పిండాన్ని, మాయను, ఆ స్రావాలను ఒట్టి చేతులతో తాకినవారికీ, పచ్చిపాలు తాగినవారికీ ఇది వచ్చే అవకాశం ఉంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, రాత్రిళ్లు చెమట పడుతుంది, నీరసంతో పాటు నడుము, కీళ్లు నొప్పి పుడతాయి. చూసేవారికి మామూలు ఒళ్లునొప్పుల్లాగే కనిపిస్తుంది. మీ కొట్టంలో ఈ మధ్య చూడి పశువు ఈసుకుపోయి ఉంటే, మీకు కీళ్లనొప్పులతో పాటు జ్వరం ఉంటే, ఆ రెండింటినీ కలిపి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. చికిత్స వారాల తరబడి రెండు రకాల యాంటీబయాటిక్‌లతో సాగుతుంది, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

నివారణ మీ చేతుల్లోనే ఉంది. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒకసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు దీనికీ టీకాలు వేస్తున్నారు. మీ ఊరి పశువైద్యశాలలో అడిగి వేయించుకోండి. ఈనే వేళ సాయం చేయాల్సి వస్తే మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ తొడుక్కోండి. మాయ పడకపోతే చెయ్యి పెట్టి లాగకుండా పశువైద్యుణ్ణి పిలవండి. గర్భిణులను ఆ పనికి దగ్గరగా రానివ్వకండి.

మూడో అడుగు: చేపు వచ్చేదాకా పితకకండి

ఒక సాయంత్రం అమ్మ పితుకుతుండగా ఫోనులో గడియారం పెట్టి లెక్కపెట్టాను. రెండు చేతులూ కలిపి నిమిషానికి వంద పిడికిళ్లు. గేదెకు ఏడు నిమిషాల చొప్పున మూడు గేదెలకు, రెండు పూటలకు కలిపితే నాలుగు వేల రెండు వందలు, అంటే ఒక్కో చేతికి రోజుకు రెండు వేల వంద. ఈ లెక్కలో వృథా అయ్యే పిడికిళ్లు ఎన్నో చూస్తే, చేతికి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.

ఆవు పొదుగులో పాలలో సుమారు ఐదో వంతు కింది గదుల్లో ముందే నిలిచి ఉంటుంది, కాబట్టి పితకగానే ధార వస్తుంది. గేదె పొదుగులో అలా నిలిచి ఉండేది నూటికి ఐదు వంతులే. మిగిలినదంతా పైన సన్నని పాలతిత్తుల్లో ఉండి, మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై రక్తంలో కలిసి పొదుగుకు చేరాకే కిందికి దిగుతుంది. దానినే మనం చేపు అంటాము. చేపు రాకముందు పితకడం అంటే ఖాళీ చన్నును పిండటమే. పాలు రావు, గేదె కాలు ఆడిస్తుంది, అరచేతికి మాత్రం పూర్తి భారం పడుతుంది. పైగా గేదె చన్ను చివరి కండ ఆవుకన్నా బిగువుగా ఉంటుంది కాబట్టి ఖాళీగా పిండినప్పుడు ఇంకా ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది.

కాబట్టి ముందు దాణా తొట్టిలో పెట్టి, దూడను కాసేపు వదిలి తల దగ్గర కట్టి, పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడుస్తూ అరచేత్తో నిమరండి. రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు, కొన్ని గేదెలకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. చన్నులు నిండి నున్నగా మెరిసి, పట్టుకుంటే బరువుగా తగులుతాయి. చేపు వచ్చిందనడానికి అదే గుర్తు. అప్పుడు ఆపకుండా పితికి ముగించాలి, ఎందుకంటే ఆక్సిటోసిన్ బలం 5 నుంచి 8 నిమిషాలే ఉంటుంది. మధ్యలో ఫోను మాట్లాడి మళ్లీ మొదలుపెడితే మిగిలిన పాలను చేతి బలంతో లాగాల్సి వస్తుంది. గేదె బెదిరినా చేపు ఆగిపోతుంది. కొట్టంలో అరుపులు, కర్ర ఝళిపించడం, కొత్తమనిషి రావడం ఆ కాసేపు లేకుండా చూసుకోవడం మీ మణికట్టుకు చేసే మేలే. చేపడం లేదని ఆక్సిటోసిన్ సూది వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది పశువు ఆరోగ్యానికి చేటు, చట్టం దృష్టిలో నేరం కూడా. దాని జోలికి పోకండి.

నాలుగో అడుగు: పట్టు మార్చుకోండి

బొటనవేలిని మడిచి, దాని కణుపుకూ మిగతా వేళ్లకూ మధ్య చన్నును నొక్కి పితికే పద్ధతి మన పల్లెల్లో బాగా వాడుకలో ఉంది. నా దృష్టిలో చేతికి ఇంతకన్నా కీడు చేసే పట్టు లేదు. బొటనవేలి కీలు మీద బరువంతా పడుతుంది, చన్ను లోపలి పొర కూడా దెబ్బతిని పొదుగువాపుకు దారి తీస్తుంది. వేళ్లను చన్ను వెంట పై నుంచి కిందికి జార్చి తీయడం చివరి పాలకే, లేదా చన్నులు పొట్టిగా ఉన్న తొలిచూలు పడ్డలకే పరిమితం కావాలి.

నిండు పిడికిలి పట్టు ఇలా ఉంటుంది. చన్ను మొదట్లో, పొదుగు అంటుకునే చోట, బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా చుట్టి మూయండి. దీనివల్ల పాలు వెనక్కి వెళ్లవు. తరువాత నడిమివేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు ఒకదాని తరువాత ఒకటి అరచేతి మీదికి మూయండి. పాలు ధారగా పడగానే పిడికిలి పూర్తిగా వదలండి, చన్ను మళ్లీ నిండనివ్వండి. చేతిని కిందికి లాగనక్కరలేదు. మణికట్టు కదలకుండా, ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. అమ్మకు ఈ పట్టు నేర్పినప్పుడు ఆమె మణికట్టు కింద చిన్న చెక్కముక్క పెట్టి గుడ్డతో వదులుగా కట్టాము, మణికట్టు వంగినప్పుడల్లా చెక్క గుచ్చుకుని గుర్తు చేసేది. మొదటి పది రోజులు పాలు తీయడం ఆలస్యమైంది, ఆమెకు విసుగు వచ్చింది, మూడో వారానికి చెయ్యి తనంత తానే ఆ దారిలో పడింది.

కూర్చునే తీరు కూడా పట్టులో భాగమే. గొంతుకు కూర్చుని బకెట్టును మోకాళ్ల మధ్య ఇరికించుకుంటే చన్ను ఎత్తుకు చెయ్యి పైకి లేపి, మణికట్టు వెనక్కి వంచాల్సి వస్తుంది. జానెడు ఎత్తు పీట వేసుకుని, గేదె డొక్కకు దగ్గరగా జరిగి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉండేటట్లు ఎత్తు సరిచూసుకోండి. గేదెకూ గేదెకూ మధ్య రెండు నిమిషాలు చేతులు వదులుగా వేలాడదీసి, వేళ్లు చాచండి. గట్టి చన్నుల గేదెను మొదట పితకకండి. చెయ్యి వేడెక్కాక, అలసిపోకముందు, అంటే వరుసలో రెండోదిగా దాని వంతు పెట్టండి. చేతికి ఉమ్మి, పాలు రాసుకుని పితికే అలవాటు ఉంటే మానేయండి, పొదుగువాపు ఒక పశువు నుంచి మరొకదానికి పాకేది అలాంటి తడి చేతుల వల్లే.

తిమ్మిరి చేతులతో పితికేవారికి ఒక జాగ్రత్త. పాలలో విరుగుళ్లు వస్తున్నాయా, చన్ను వేడిగా ఉందా అన్నది వేళ్లకు సరిగా తెలియదు. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలను నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి తీసి కంటితో చూసుకోండి.

ఐదో అడుగు: మిగతా కొట్టం పనులు

పితకడం మానినా నొప్పి తగ్గలేదని కొందరు అంటారు. విచారిస్తే, వారి చేతిని చెడగొడుతున్నది కుడితి బకెట్టు అయి ఉంటుంది. పది లీటర్ల నీళ్లు పది కిలోలు, ఆ బరువంతా చిటికెనవేలంత సన్నని ఇనుప కడ్డీ మీదుగా వేళ్ల మీద పడుతుంది. పాత సైకిలు ట్యూబునో, మందపాటి నీళ్ల పైపు ముక్కనో నిలువునా చీల్చి ఆ కడ్డీకి తొడిగి, మూడు నాలుగు సెంటీమీటర్ల లావు వచ్చేదాకా గుడ్డ చుట్టండి. సగం నింపి రెండుసార్లు మోయండి. వీలైతే కొట్టం దాకా పైపు లాగి మోసే పనే లేకుండా చేసుకోండి. తట్టను వేళ్ల కొసలతో అంచు పట్టి లేపకుండా, రెండు అరచేతులూ అడుగున పెట్టి ఒంటికి ఆనించి లేపండి. నలభై లీటర్ల పాల క్యాను ఇద్దరు మోయవలసిన బరువు. ఒక్కరే దానిని ఎత్తకూడదు.

కొడవలి మొద్దుబారితే చెయ్యి రెట్టింపు బలం పెడుతుంది. వారానికి ఒకసారి నూరించండి, పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. గడ్డి కోసేటప్పుడు గుప్పెట నిండా పట్టకుండా, చేతికి వదులుగా సరిపడినంతే పట్టండి. గడ్డి కత్తిరించే యంత్రం ఉన్నవారికి ఒక్క మాట గట్టిగా చెబుతాను. తిమ్మిరెక్కిన చేతులతో దానిలోకి గడ్డి తోయకండి, ఇరుక్కుంటే కరెంటు ఆపకుండా వేలు పెట్టకండి. స్పర్శ తెలియని వేలికి ప్రమాదం దగ్గరపడిన సంగతి కూడా తెలియదు.

పలుపు విషయం మరీ ముఖ్యం. పట్టు చాలడం లేదని చాలామంది పలుపును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంటారు. గేదె బెదిరి ఒక్కసారి గుంజితే వేళ్లు విరగడమే కాదు, తెగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. పలుపును ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. మడతగా పట్టుకుంటే, గుంజినప్పుడు వదిలేయవచ్చు. సన్నని నైలాన్ తాడు చేతిని కోస్తుంది, దాని బదులు లావుపాటి నూలు పలుపు వాడండి. ప్రతి పూటా ముడి వేసి విప్పడం బొటనవేలికి శిక్ష కాబట్టి, గుంజకు ఒక రింగు బిగించి, పలుపు చివర తిరిగే కొక్కెం పెట్టించుకోండి. అరచేత్తో నొక్కితే ఊడివస్తుంది.

ఆరో అడుగు: చేతికి రోజువారీ సంరక్షణ

బిగువు ఎక్కువగా ఉన్నవారు పితకడానికి ముందు ఐదు నుంచి పది నిమిషాలు చేతులను గోరువెచ్చని నీటిలో ఉంచి, నీటిలోనే వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండండి. షుగరు ఉన్నవారు, తిమ్మిరి ఉన్నవారు నీటి వేడిని చేత్తో చూసుకోకూడదు, మోచేతితో చూడాలి లేదా ఇంట్లో మరొకరు చూడాలి. వాచి ఎర్రగా వేడిగా ఉన్న కీలుకు వేడి పెట్టకండి. గుడ్డలో చుట్టిన మంచుముక్కతో పది నిమిషాలు చల్లదనం పట్టించండి.

స్నాయువులు సాగడానికి ఒక వ్యాయామం ఉంది. వేళ్లు నిటారుగా చాపండి. తరువాత వేళ్ల మొదటి కణుపులు నిటారుగానే ఉంచి పై రెండు కణుపులు కొక్కెంలా ముడవండి. మళ్లీ చాపి పూర్తి పిడికిలి బిగించండి. మళ్లీ చాపి, మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచి బల్లలా ఉంచండి. చివరిగా వేళ్ల కొసలు అరచేతి అడుగును తాకేటట్లు ముడవండి. ఒక్కో భంగిమలో మూడు నాలుగు క్షణాలు ఆగుతూ, ఈ వరుసను ఐదుసార్లు, రోజుకు రెండు మూడు పూటలు చేయండి. బొటనవేలిని ఒక్కో వేలి కొసకు తాకించడం, నమస్కారం పెట్టి మోచేతులు పక్కలకు లేపడం దీనికి తోడు. నొప్పి తగ్గిన తరువాతే చపాతీ పిండి ముద్ద పిసకడం లాంటి బలం పెంచే పనులు. వాపు ఉండగా రబ్బరు బంతి నొక్కితే, అలసిన చేతికి ఇంకో రెండొందల పిడికిళ్లు కలిపినట్లే.

కార్పల్ టన్నెల్ ఉన్నవారికి రాత్రి మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ ఎంతో మేలు చేస్తుంది. నిద్రలో మనకు తెలియకుండా చెయ్యి ముడుచుకుని, నరం మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, మణికట్టును నిటారుగా పట్టి ఉంచే గట్టి పట్టీ ఉన్న స్ప్లింట్‌ను కనీసం ఆరు వారాలు రాత్రిపూట వాడాలి. సాగే క్రేపు బ్యాండేజీ ఆ పని చేయదు, బిగించి కడితే కీడే చేస్తుంది. చేతులు వాచే అలవాటు ఉన్నవారు ఉంగరాలు ముందే తీసి దాచండి.

ఏ పని ఎక్కువైందో తెలుసుకోవడానికి ఒక కొలత ఉంది. పని ముగిశాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే, ఆ రోజు చెయ్యి ఓర్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ చేశారు. మరుసటి రోజు అదే పనిని తగ్గించండి లేదా రెండు ముక్కలు చేయండి.

ఏడో అడుగు: మందుల విషయంలో

నొప్పి ఉన్నచోట రాసే డైక్లోఫెనాక్ జెల్ వేళ్ల కీళ్లకు బాగానే పనిచేస్తుంది, మింగే మాత్రలకన్నా ఒంటికి తక్కువ హాని. పితకడానికి ముందు రాయకండి, పాలకూ చన్నుకూ అంటుతుంది. పని అయ్యాక చేతులు కడిగి రాసుకోండి. మాత్రలు అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడండి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికీ, కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా బాధపడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి ప్రాంతాల వారికీ ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

మా అమ్మకు మొదటి ఏడాది ఊళ్లో దొరికిన వైద్యం వారానికి ఒక సూది. వేసిన రోజు చెయ్యి హాయిగా ఉండేది, అందువల్లే మేము పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లడం ఆలస్యమైంది. ఆ సూదిలో ఏముందో మేము అడగలేదు, వారు చెప్పలేదు. పేరు తెలియని సూది వేయించుకోకండి, చీటీ మీద మందు పేరు రాయించుకోండి. మణికట్టు దగ్గర, వేలి మొదట్లో నిపుణుడు లెక్కగా వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరు. దానికి చికిత్సలో సరైన చోటు ఉంది, షుగరు కొద్ది రోజులు పెరగవచ్చని మాత్రం ముందే తెలిసి ఉండాలి. పశువుకు తెచ్చిన నొప్పి మందును మనిషికి వాడటం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

బొటనవేలి కింది కండ పలచబడి గుంట పడటం, వస్తువులు చేతిలోంచి జారిపోవడం, తిమ్మిరి పగలంతా ఉండటం, కీలు వాపుతో పాటు జ్వరం రావడం, దెబ్బ తగిలాక వేలు కదలకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలతో రోజులు గడపకుండా ఆసుపత్రికి వెళ్లండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలతో పాటు అవసరమైతే నరం పరీక్ష చేస్తారు.

ఎనిమిదో అడుగు: పని పంచుకోవడం, మిషను, ఆపరేషన్ తరువాతి రోజులు

కొట్టం పని ఒక్క మనిషి చేతుల మీద, అందులోనూ ఇంటి ఆడవాళ్ల చేతుల మీద నడుస్తున్న ఇళ్లలో ఈ నొప్పి తగ్గడం కష్టం. ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు పితికేటట్లు పూటలు పంచుకుంటే ఒక్కో చేతి పిడికిళ్లు సగానికి తగ్గుతాయి. రెండో మనిషికి గేదె అలవాటు పడాలంటే వారం ముందు నుంచే అతను దాణా పెట్టడం, పొదుగు కడగడం మొదలుపెట్టాలి.

పశువులు నాలుగైదు దాటితే ఒక బకెట్టు ఉండే చిన్న పాల మిషను గురించి ఆలోచించండి. కొనేముందు ఇప్పటికే వాడుతున్న ఇంటికి వెళ్లి పితికే వేళ చూడండి, మరమ్మతు చేసేవారు ఎంత దూరంలో ఉన్నారో అడగండి. రబ్బరు గొట్టాలు, చన్ను తొడుగులు రోజూ కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటేనే అది మేలు చేస్తుంది. మొదటి కొద్ది రోజులు మిషను శబ్దాన్ని మాత్రమే వినిపిస్తూ చేత్తో పితకండి, అలవాటైన తరువాత తొడుగులు తగిలించండి. పాలు ఆగాక కూడా మిషను వదిలేస్తే చన్నులు దెబ్బతింటాయి. మిషనుకు కూడా చేపు రావాల్సిందే.

అమ్మకు చివరికి కుడి మణికట్టుకు ఆపరేషన్ చేశారు. కుట్లు విప్పేదాకా, సుమారు రెండు వారాలు, కట్టు తడవకూడదు, పేడ దరిదాపులకు వెళ్లకూడదు. రాత్రి తిమ్మిరి మొదటి రోజుల్లోనే పోయింది, అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి మాత్రం కొన్ని నెలలు ఉంది. ఆరు వారాలు దాటాక డాక్టరు సరేనన్నాక, మెత్తటి చన్నుల గేదెతో, ఒక పూట, రెండు చన్నులతో మొదలుపెట్టాము. మిగతా రెండు చన్నులు నేను పితికాను. వారానికి ఒక చన్ను చొప్పున ఆమె వంతు పెరిగింది. గట్టి చన్నుల గేదెను అప్పటికే నా పేరున రాసేశాము, అది ఇప్పటికీ నా వంతే.